వేమన విమర్శయు విశ్వవిద్యాలయమును

1928వ సంవత్సరమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున వేమనను గూర్చి ఉపన్యాసములు జరిగినవి. ఉపన్యాసకులు శ్రీ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. మరుసటి యేట ఆ ఉపన్యాసములే "వేమన" అను పేర గ్రంథరూపము దాల్చినవి. తెలుగు సాహిత్యవిమర్శలో ఈ గ్రంథమునకు గల ఉన్నతస్థానమును గూర్చి వివాద మంతగా లేదు. అది పుట్టిన తీరును గూర్చి మాత్రము తగినంత విచారణ జరిగినట్లు కానరాదు. కవి పల్లెపల్లెను నాలుకలమీద నిలిచినవాడు. పండితగోష్ఠులలో పీట దొరకనివాడు. పిలిచిన విశ్వవిద్యాలయము రెండేండ్ల క్రితమే పుట్టినది, ఇంకను స్వంతగృహము లేనిది. ఉపన్యాసకులో కన్నడదేశపు రాజధానిలో తెలుగు చెప్పుకొనుచున్న పండితులు. ఈ మూటిని ఒకచోట చేర్చిన దేది?

విశ్వవిద్యాలయమువలన విద్యార్థికేమి, సంఘమునకేమి, దేశపు ధనోత్పత్తికేమి లాభమని అడుగుట నేటి పరిపాటి. దానికి పట్టభద్రుల సంఖ్యలను, వారి జీతములను పట్టికలుగా గట్టి సమాధానము చెప్పుటయు పరిపాటియే. అట్టి పట్టికలకు లొంగని సంగతులును కలవు. "వేమన" గ్రంథ మట్టివానిలో నొకటి.

శర్మగారు 1893లో అనంతపురము మండలములోని రాళ్లపల్లియందు జన్మించిరి. మైసూరు పరకాలమఠమున సంస్కృతప్రాకృతముల నభ్యసించిరి. సంగీతమున గట్టికృషి చేసిరి. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితపదవి లభించినది. అప్పటికి మైసూరునకు స్వంత విశ్వవిద్యాలయము లేదు. ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై యుండెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయ మేర్పడినప్పుడు మైసూరులోని మహారాజా కళాశాలయు, బెంగుళూరులోని సెంట్రల్ కళాశాలయు దాని రెండు కన్నులైనవి. స్వదేశసంస్థానమున వెలసిన మొదటి విశ్వవిద్యాలయ మదియే. కన్నడమునకు పట్టుగొమ్మ కావలెనని పుట్టిన ఆ విద్యాపీఠము తెలుగు పండితుని పదవిని తీసివేయలేదు. 1949లో విరమించువరకు శర్మగారు ముప్పదియేడేండ్లు అక్కడనే తెలుగు బోధించిరి.

ఆ తరగతులలో ఎందరు కూర్చుండెడివారన్నది ప్రశ్న కాదు. కన్నడము దేశభాషయైన చోట తెలుగు తరగతి కిక్కిరిసి యుండదని వేరుగా చెప్పనక్కరలేదు. తలకింత వ్యయమని లెక్క కట్టిన అధికారికి ఆ పదవి మొదటి యేటనే దండుగగా తోచి యుండవలసినది. తోచియున్నను తీసివేయలేదు. ఆ దండుగనుండియే "నిగమశర్మ అక్క", "తిక్కన తీర్చిన సీతమ్మ" వంటి వ్యాసములు, నాటకోపన్యాసములు, గాథాసప్తశతి అనువాదము, "వేమన"యు తెలుగువారికి దక్కినవి.

"నిగమశర్మ అక్క"ను చూచిన చాలును, తరగతిగది విమర్శకుని నెట్లు తీర్చునో తెలియును. తెనాలి రామకృష్ణుని పాండురంగమాహాత్మ్యమున ఆమెకు పేరైన లేదు. చెడిన తమ్ముని దారికి తెచ్చుటకు పుట్టినింటికి వచ్చి, పిల్లలను సముదాయించుచు, తమ్మునికి నీతి చెప్పి, ఆ రాత్రియే వాడు నగలతో ఉడాయింపగా ఏడ్చిన ఒక గృహిణి. కావ్యమును ఏకబిగిని చదువు రసికుడు ఆమెను దాటిపోవును. ఏటేట ఒకే భాగమును ఒకరికి చెప్పవలసిన ఉపాధ్యాయుడు మాత్రము ఆమె వద్ద ఆగును. కవి ఆమెకు పేరు పెట్టకయే ప్రాణమెట్లు పోసెనో గుర్తించును. శర్మగారి విమర్శలోని నిదానము, చిన్నవాని యందలి శ్రద్ధ, వినువానికి తెలియునా యను జాగ్రత్త ఉపాధ్యాయవృత్తి యొసగిన గుణములని తోచును.

ఇక పిలిచిన వారి సంగతి. 1928లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులు డాక్టరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. వారును మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులై యుండినవారే. ఆ సంస్థానపు విద్యాశాఖకు ప్రధానాధికారియు అయిరి. శర్మగారి ప్రజ్ఞను వారక్కడనే ఎరుగుదురు. 1914లో వెలువడిన "కవిత్వతత్త్వ విచారము"తో తెలుగువిమర్శకు కొత్త త్రోవ దీసిన రెడ్డిగారు, అర్థశాస్త్రమును తెలుగున వ్రాసిన వారు కూడ. కవిత్వమును ధనశాస్త్రమును ఒక్క బుద్ధియే విచారింపగలదని వారి నమ్మకము. విశ్వవిద్యాలయమునకు పగ్గములు పట్టినప్పుడు ఈ నమ్మకము ఫలించినది. ఒకవంక వేమన, వేరొకవంక రసాయన సాంకేతికవిద్య.

వేమనను ఎన్నుకొనుట చిన్న సాహసము కాదు. అంతకు నూరేండ్ల క్రితమే, 1829లో, సి.పి. బ్రౌను వేమనపద్యములను సేకరించి ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. 1839లో మరల పెంచి ప్రకటించెను. ఐనను పండితులకు వేమన కవి కాడు; లక్షణము తెలియనివాడు, మాట మోటువాడు, అందరిని తిట్టువాడు. విదేశీయుడు మెచ్చినంత మాత్రమున తెలుగు పండితుని మనస్సు మారలేదు. మారవలెనన్న ఆ పండితవర్గములోని వాడే, ప్రబంధముల రుచి యెరిగినవాడే, ఒక గౌరవపీఠమునుండి వేమనను కవిగా నిరూపింపవలసి యుండెను. రసికుల యింటి అరుగుమీద ఎవరైన వేమనను మెచ్చుకొనవచ్చును. ఆ మెప్పు అరుగు దాటదు. విశ్వవిద్యాలయము పిలిచి యడిగినప్పుడు సమాధానము ప్రమాణబద్ధమై యుండవలెను, ఆక్షేపించువానికి ఎదురు నిలువవలెను. ఈ నిర్బంధమే "వేమన"కు వెన్నెముక.

గ్రంథమును పరిశీలించినచో శర్మగారు వేమన కథలను గ్రుడ్డిగా నమ్మనులేదు, అన్నియు కట్టుకథలని త్రోసివేయనులేదు. లోకము ఒక మనుష్యుని గూర్చి అట్టి కథల నేల అల్లినదను ప్రశ్నను వేసికొనిరి. వేమన యోగమును, నీతిని, సంఘనిందను వేర్వేరుగా తూచిరి. అన్నిటికంటె మిన్నగా వేమన హాస్యమును కవితాగుణముగా గుర్తించిరి. తిట్టునకును హాస్యమునకును గల అంతరమును తెలుగుపాఠకునకు ఇంత సుకుమారముగా చూపిన వారు అంతకు పూర్వము అరుదు. ఆటవెలది వంటి చిన్న దేశిచ్ఛందమున మాట ఎక్కడ విరిగి ఎక్కడ మెరయునో శర్మగారికి చెవికి తెలియును. సంగీతజ్ఞుని చెవి అది.

లోపములు లేకపోలేదు. మొదటిది పాఠమునకు సంబంధించినది. బ్రౌను మొదటి ముద్రణమున ఇంచుమించు ఏడువందలుగా నున్న పద్యములు రెండవ ముద్రణమున పదునొకొండువందలు దాటినవి. ఆ తరువాతి ముద్రణకర్తల చేతులలో వేలకు పెరిగినవి. వేమన మకుటమును తగిలించి ఎవరు పద్యము చెప్పినను అది వేమనదే యగుచు వచ్చెను. ఇట్టిచోట కవి వ్యక్తిత్వమును చిత్రింప బూనిన విమర్శకునకు తన అభిరుచియే కొలబద్ద యగుట తప్పదు. సొగసైనది వేమనది, మోటైనది ఇతరులదని అనుకొనుట ఎంత సులభమో అంత ప్రమాదకరము. శర్మగారి ప్రతిభ ఈ ప్రమాదమును కప్పిపుచ్చునే కాని తొలగింపదు. ప్రతులను పోల్చి, పద్యములను వడగట్టి, ఏది పాతది ఏది క్రొత్తది యని తేల్చు పని ఒక పండితుడు కొన్ని ఉపన్యాసముల వ్యవధిలో చేయగలిగినది కాదు. రెండవ లోపము ఉపన్యాసరూపమువలన కలిగినది. సభను ఆకట్టుకొనవలెనను ఆసక్తిలో అక్కడక్కడ ప్రసంగము విషయమును దాటి సాగును. చదువునప్పుడు అది ఇంపుగనే యుండును. వెదకునప్పుడు మాత్రము విసుగు పుట్టించును.

మొదటి లోపమును సవరింపగల దెవరు? ఇక్కడ మరల విశ్వవిద్యాలయమే ప్రస్తావనకు వచ్చును. బ్రౌను లేఖలను, స్వీయచరిత్రాంశములను తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలికి దెచ్చినది, జి.ఎన్. రెడ్డిగారు, బంగోరెగారు అందులకు పాటుపడిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఎన్. గోపిగారు వేమనపై పరిశోధన చేసి "ప్రజాకవి వేమన"ను వెలువరించిరి. శర్మగారు ఎక్కడ ఆగిరో అక్కడనుండి తరువాతివారు నడచిరి. ఒప్పుకొననిచోట ఒప్పుకొనలేదు. ఒకరి తప్పును మరియొకరు దిద్దుటకు వీలుగా పని వరుసగా సాగుటయే విద్యాపీఠములు సంఘమునకు చేయు మేలులలో పెద్దది.

ఈ వరుస లేనిచో ఏమగునో పర్లాకిమిడి చెప్పును. నేడు ఒడిశాలోని గజపతి మండలమునకు ముఖ్యపట్టణమైన ఆ యూర గిడుగు రామమూర్తిగారు బడిపంతులుగా జీవితము నారంభించిరి. సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. ఏ విశ్వవిద్యాలయమును వారికి ఆచార్యపీఠ మీయలేదు, శిష్యుల నొసగలేదు. ఆ విద్య వారి తరువాత ఇంటిలోని వాడైన సీతాపతిగారికి దక్కినది. తండ్రినుండి కుమారునకు దక్కిన విద్య అదృష్టముమీద ఆధారపడినది. కుమారునకు ఆసక్తి లేకున్న అంతటితో సరి. మైసూరు శర్మగారికి ఇచ్చినదియు, పర్లాకిమిడిలో గిడుగువారికి లభింపనిదియు ఒక్కటే. ఏటేట వచ్చి కూర్చుండు శిష్యవర్గము.

విశ్వవిద్యాలయము లన్నివేళల మేలే చేసినవని దీనివలన తలంపరాదు. గిడుగువారి ఉద్యమకాలముననే మద్రాసు విశ్వవిద్యాలయము ఇంటర్మీడియేటు వ్యాసపరీక్షలో ఆధునికభాషకు తావిచ్చి, వాదము ముదిరినంతనే ఆ యనుమతిని వెనుకకు తీసికొన్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో గిడుగువారికి కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించినది. వారు కోరిన భాషలో పరీక్షాపత్రములు వ్రాయుటకు మాత్రము అటుపిమ్మటను చాలకాలము సమ్మతింపలేదు. మనిషికి శాలువ కప్పి మాటకు తలుపు వేయుట విద్యాసంస్థలకు తెలిసిన విద్యయే. పరీక్షాధికారము చేతనున్న సంస్థ భాషను నిలుపగలదు, నిలువునను ఆపగలదు కూడ.

ధనోత్పత్తి మాటకు వత్తము. ఇక్కడను సరిహద్దుల కవతలి తెలుగుసంబంధము గమనింపదగినది. జయపుర సంస్థానము నేడు ఒడిశాలోని కోరాపుట్టు ప్రాంతమునకు చెందినది. 1931లో సింహాసన మెక్కిన విక్రమదేవవర్మ మహారాజు ఓఢ్ర తెలుగు సంస్కృతములయందు పండితుడు. రాజ్యమునకు రాకముందు విశాఖపట్టణమున చాలకాలము నివసించినవాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్షరూపాయల విరాళము నొసగెను. విజ్ఞాన సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. వాల్తేరు గుట్టలమీద రసాయన సాంకేతికవిద్య ఆ దశకముననే వేరుపాతుకొన్నది. ఓఢ్రదేశపు అడవుల ఆదాయము తెలుగు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలయైనది. దేశమును భాషలవారీగా విడదీసి లెక్కచూచు నేటి కండ్లకు ఇది వింతగా కనబడవచ్చును. ఆనాడు ఆ రాజునకు అట్లు తోచలేదు.

ఆ విశ్వవిద్యాలయమునుండియే వెలువడిన మరియొకరి వృత్తాంత మిక్కడ చెప్పదగినది. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు 1920లో హడగళి గ్రామమున తెలుగుకుటుంబమున జన్మించిరి. అది నాడు మద్రాసు రాజధానిలోని బళ్లారి మండలము, నేడు కర్ణాటకము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రమున పట్టము పొందిరి. చేతిలో పట్టమున్నది; ఉద్యోగము లేదు. యుద్ధకాలము. ఉద్యోగము వెదకుకొనుచు కలకత్తా చేరి, అక్కడ భారత గణాంకసంస్థ గూర్చి విని, అందు ప్రవేశించిరి. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయమున గణాంకశాస్త్రమున ఎం.ఏ. ముగించిరి. రెండేండ్లు తిరుగకముందే, ఇరువదియైదేండ్ల వయస్సున, 1945లో ప్రకటించిన ఒక్క వ్యాసముతో ప్రపంచపు గణాంకశాస్త్రగ్రంథములలో శాశ్వతముగ నిలిచిరి. ఒక పరిమాణమును అంచనా వేయునప్పుడు ఎంత ప్రయత్నించినను కొంతకంటె తక్కువ చేయరాని తప్పిదమొకటి యుండునని, ఆ హద్దు ఎంతయో వారు చూపిరి. పైరుల దిగుబడి మొదలు మందుల గుణము వరకు లెక్కతో తేల్చువారందరికి ఆ హద్దు నేటికిని పనికివచ్చుచున్నది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారము వారిని వరించినది. ఆ యేటనే పరమపదించిరి.

పట్టము పొందిన సంవత్సరమున లెక్క తీసినచో ఆ పట్టభద్రుడు నిరుద్యోగుల వరుసలో చేరును. విశ్వవిద్యాలయమునకు అది నష్టముక్రిందనే జమపడును. లాభము కలకత్తాలో పండినది. అటుతరువాత లోకమంతట పండినది. ఏ ఊర పుట్టెనో, ఏ విశ్వవిద్యాలయమున గణితము చదివెనో, ఎక్కడ ఫలించెనో యను మూడు చోటులును మూడు రాష్ట్రములలో నున్నప్పుడు, ఏ ఒక్క రాష్ట్రపు ఆదాయవ్యయపట్టిక ఆ ఫలమును పట్టుకొనగలదు?

నాగపురమున చదువుకొని మరాఠీలో కూడ వ్యాసములు వ్రాసిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా మండలిని నడపి, తెలుగున విజ్ఞానసర్వస్వమున కుపక్రమించుటయు ఇట్టిదియే. పరభాషాప్రాంతమున చదివిన తెలుగువాడు రెండు సాహిత్యములను పోల్చి చూచును; తన భాషలో లేనిదేదో అతనికి ముందుగా కనబడును. తమిళదేశమున మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగుశాఖ చేసిన పనియు ఈ కోవకు చెందును. కోరాడ రామకృష్ణయ్యగారు ద్రావిడభాషల పోలికలను ఆ పీఠమునుండియే విచారించిరి. తంజావూరు మధుర నాయకరాజుల కాలపు తెలుగు వాఙ్మయమును ఒక ప్రత్యేకశాఖగా నిలిపి నిడుదవోలు వేంకటరావుగారు గ్రంథము రచించిరి. అక్కడి యక్షగానములు, ద్విపదలు, వచనకావ్యములు క్షీణయుగపు సాహిత్యమను నింద మోయుచుండగా, వానిని వాని చోటనుండియే చూచి వెల కట్టిన పని అది. తెలుగునాటి విమర్శకుడు ఆ రచనలను దూరమునుండి చూచెను. మద్రాసున కూర్చున్నవాడు ప్రాచ్యలిఖితభాండాగారపు తాళపత్రములలో చూచెను.

ఇట్టి పీఠములు నేటికిని కొన్ని నిలిచియున్నవి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున, మద్రాసున, మధుర కామరాజ విశ్వవిద్యాలయమున తెలుగుశాఖలు కలవు. ప్రాథమికపాఠశాలలో తెలుగు తరగతి తగ్గిన కొలది కళాశాలలో విద్యార్థి తగ్గును. కళాశాలలో తగ్గిన కొలది పాఠశాలకు ఉపాధ్యాయుడు కరవగును. ఈ గొలుసులో ఏ కడియమును విరిచినను మిగిలినది చేతికి వచ్చును. విద్యార్థులు లేరు గనుక ఆచార్యుడక్కరలేదను వాదము పైకి న్యాయముగానే వినవచ్చును. ఆచార్యుడు లేనందువలననే విద్యార్థులు లేరని తిప్పి చెప్పినను అంతే న్యాయముగా వినవచ్చును. మైసూరులో 1912లో ఈ రెండవ వాదమే గెలిచినది; అటనుండి పదునారేండ్లకు వేమనకు విమర్శకుడు దొరకెను.

రెడ్డిగారు 1930లో ప్రభుత్వపు దమననీతికి నిరసనగా ఉపాధ్యక్షపదవిని వదలి, 1936లో మరల చేపట్టి, 1949 వరకు ఆ భారమును వహించిరి. ఆ యేట మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రో ఛాన్సలరుగా తరలిరి. శర్మగారు మహారాజా కళాశాలనుండి విరమించినదియు ఆ యేటనే. మరుసటి యేట వారు తిరుపతి శ్రీ వేంకటేశ్వర ప్రాచ్యపరిశోధనాలయమున చేరి, తాళ్లపాకవారి రాగిరేకులకు ఎదురుగా కూర్చుండిరి. రేకులమీద పాట యున్నది, రాగము పేరున్నది, స్వరము లేదు. మైసూరులో ముప్పదియేడేండ్లు పద్యమును అన్వయించి చెప్పిన ఉపాధ్యాయుడు ఆ పాటలను ఒక్కొక్కటిగా చదివి, అర్థము నిర్ణయించి, కొన్నిటికి తానే స్వరము కట్ట నారంభించిరి.